అత్త పాట, నా కొత్త స్పీకర్లు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడమేమిటి, తమిళనాట మా ధర్మపురి చుట్టుపక్కల తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. చెట్టికరై దారిలో చిల్లర అడిగే తలలేని కండక్టరు కూడా నా సరుకే. అందుకే ఈ ఒక్కటి నిజమంటే ఎవరూ నమ్మరు. తప్పు నాదే.

సీడీలు వచ్చి క్యాసెట్లు మూలపడుతున్న రోజులవి. మహేంద్రమంగళంలో మా అత్త, అంటే నా భార్య సరోజ తల్లి, రాగులు విసురుతూ ఒక పాట పాడేది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గాని, చాలామందికి రాయడం రాదు. రాయడం వచ్చిన నేను ఆ పాట రాసుకోలేదు.

చిన్న టేప్‌రికార్డరులో పట్టాను. శబ్దం చూపించే సూది సరిగా లేవలేదని మూడుసార్లు పాడించాను. మూడోసారి అయిపోగానే ఆపేశాను. అప్పుడామె నవ్వింది.

"ఆ పెట్టెనేం చూస్తావు అల్లుడా, వచ్చి నా పక్కన కూచో. ఇంకొక తూరి పాడతాను, ఊరికే విను."

"బస్సుకు టైమైంది అత్తా," అన్నాను. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

ఆ ఏడాదే ఆమె పోయింది.

సరోజ వంట చేస్తూ ఆ క్యాసెట్ వేసుకునేది. నాకు దాని బుసబుస నచ్చలేదు. బెంగళూరు వెళ్లి నడుమెత్తు స్పీకర్లు, ఆంప్లిఫయరు, మంచి క్యాసెట్ డెక్కు తెచ్చాను.

"నీకు అమ్మ పాట కావాల్నా, పెట్టెలు కావాల్నా?" అంది సరోజ.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్పీకర్ల ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. విసుర్రాయి తిరిగింది. గాజులు, రాలే పిండి, పెరట్లో కోడి, అన్నీ అద్దంలా స్పష్టం. అత్త ఊపిరి తీసుకోవడం కూడా విన్నాను. ఊపిరి తర్వాత పాట రావాలి. రాలేదు. మళ్లీ విసుర్రాయి, మళ్లీ ఊపిరి.

వైర్లు మార్చాను. స్పీకర్లు జరిపాను. ఇంతలో వంటింట్లోంచి, "ఎంత బాగుందయ్యా అమ్మ గొంతు!" అంటూ సరోజ కూడా పాటెత్తుకుంది. ఆమె గొంతు నాకు వినిపిస్తోంది. అత్తది లేదు.

మెకానిక్ వచ్చి విన్నాడు. పాట చక్కగా ఉంది, చెవులు చూపించుకోండి అన్నాడు. చూపించుకున్నాను, లోపం లేదన్నారు. వేరే పాటలన్నీ వినిపిస్తున్నాయి. ఈ క్యాసెట్ పాత టేప్‌రికార్డరులో వేసినా నాకు విసుర్రాయే.

ఇంకొకటి. టేపు చివర విసుర్రాయి ఆగుతుంది. ఆగాక, "వచ్చి నా పక్కన కూచో" అని అత్త గొంతు వినిపిస్తుంది, నాకు మాత్రమే. ఆ మాట అనేసరికి నేను రికార్డింగు ఆపేసి ఉన్నాను. అది టేపులో ఉండే వీల్లేదు.

సరోజకు చెప్పాను.

"వూరంతా అయిపోయినారు, ఇంక మా అమ్మ దొరికిందా నీ కతలకు?"

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. స్పీకర్లు అమ్మేశాను. ఆమె క్యాసెట్ వేసినప్పుడు వెళ్లి వంటింటి నేల మీద పక్కన కూర్చుంటాను. విసుర్రాయి, దాంతోపాటు సరోజ కూనిరాగం. నాకు దక్కిన పాట అంతే.

టేపు చివర అత్త ఇప్పటికీ పిలుస్తుంది. ఎలాగో నాకు తెలియదు. వచ్చి కూర్చున్నానని ఆమెకు ఎలా చెప్పాలో కూడా తెలియదు.