గిర్నీని గుంజే కారు

మా ఇంట్లో అనుమానం పక్షి ఎవరంటే అందరూ నన్నే చూపిస్తారు. పాలు పోసే ఆయన ఎదుటే పాలలో వేలు ముంచి చూస్తాను. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీల మీద తారీఖు చదివాకే మెట్లు దిగుతాను. అందుకే జనగామలో ఉండే మా బావగారు, అంటే మా ఆయన అన్న, తన ఏడు సీట్ల పెద్ద కారును తెచ్చి, కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచుకోండి అంటూ నర్మెట్టలో మా వాకిట్లో వదిలి వెళ్లినప్పుడు నాకు సంతోషం కంటే ముందు సందేహం వచ్చింది. చెప్పులు దులుపుకోనిదే మమ్మల్ని అందులో కాలు పెట్టనివ్వని మనిషి ఆయన.

అసలు సంగతి మా ఆయన దగ్గర బయటపడింది, కారు అడిగి తెప్పించింది ఆయనే. నర్మెట్టలో మాకొక పిండి గిర్నీ ఉండేది. షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. మహదేవపూర్ అవతల ఒక ఊళ్లో గిర్నీ లేదని తెలిసి, అక్కడ రేకుల షెడ్డు మాట్లాడుకున్నాం. గిర్నీ అంటే రాళ్లు, మోటారు, ఇనుప చట్రం. నలుగురు పట్టుకుంటే గాని కదలదు. దాన్ని డీసీఎం వ్యానులో పంపిద్దాం అనుకున్నాం కూడా. ఇప్పుడేమో మా ఆయన ట్రాక్టర్ వెనక తగిలించే చిన్న ట్రాలీలో గిర్నీని వేసి, ఆ ట్రాలీని ఈ కారుకు కట్టి, తానే తోలుకుపోతానంటున్నాడు.

"బావకు చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన."

"ఏమని?"

"సామాన్లు తీస్కపోవాలె అని."

ట్రాలీ ఊసెత్తలేదన్నమాట. డీసీఎం కిరాయి మిగులుతుందని పైకి అంటాడు గాని, ఆ స్టీరింగు ముందు కూర్చుంటే ఈయన మొహం ఎట్లా వెలిగిపోతుందో నేను చూడలేదా ఏమిటి.

నన్ను ఒప్పించడానికి ఫోన్లో వీడియో చూపించాడు. ఏ దేశమో తెలియదు, ఇలాంటి కారే ఒక పడవను ట్రాలీ మీద పెట్టుకుని దర్జాగా కొండెక్కుతోంది. మన ట్రాలీకి బ్రేకులు ఉన్నాయేమో చూడమన్నాను. "ట్రాక్టర్ ట్రాలీకి ఏడ బ్రేకులుంటయే" అని నవ్వాడు. ట్రాక్టర్ ఎంత స్పీడుతో పోతుంది, ఈ కారు ఎంత స్పీడుతో పోతుంది అని అడిగితే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

కారు వెనక కొక్కెం బిగించిన వెల్డింగ్ ఆయన్నూ వదల్లేదు నేను. "లారీనైనా గుంజుతదక్కా. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. కొక్కెం చేసినవాడు తన కొక్కేన్ని తానే తప్పు పడతాడా? "గుంజుడు సరే, ఆపుతదా?" అంటే అతను మా ఆయన వైపు చూశాడు. అసలు గిర్నీ బరువెంతో కూడా వాళ్లలో ఎవరికీ తెలియదు. తలా ఒక మాట చెప్పారు.

సామాను ఎక్కించే రోజు మా ఆయన స్నేహితుడు వచ్చాడు. ఏళ్ల తరబడి ట్రాక్టర్ తోలుతున్న మనిషి. దగ్గరుండి రాళ్లనూ మోటారునూ ట్రాలీ ముందు భాగంలోనే పెట్టించాడు. "బరువు ముందట్నే ఉండాలె వదినా. అప్పుడే ట్రాక్టర్ ఎనక టైర్లు భూమిని పడ్తయి" అన్నాడు. ట్రాక్టర్‌కు అది నిజమే కావచ్చు. కాని ట్రాలీని కొక్కేనికి తగిలించగానే కారు వెనక భాగం కూలబడింది, ముందు భాగం మూతి పైకెత్తింది. ముందు టైరుకూ దాని మీది రేకుకూ మధ్య నా చెయ్యి దూరేంత సందు వచ్చింది. బండిని మలిపేవి ముందు టైర్లే కదా, అవి నేలను గట్టిగా ఆనకపోతే ఎట్లా అన్నాను.

"నీకు బండి నడుపుడు వస్తదా?" అన్నాడు మా ఆయన.

రాదు. స్కూటీ కూడా రాదు. అయినా ఒకసారి తోలి చూడాల్సిందే అని పట్టుబట్టి పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. మలుపులో స్టీరింగు తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగింది. ఇంటి ముందుకు తిరిగొచ్చి, సామాను ఎక్కించినవాళ్లతో మా ఆయన బరువును వెనక్కి జరిపించాడు. ఈసారి ట్రాలీ తోక ఊపడం మొదలుపెట్టింది. మళ్లీ తిరిగొచ్చి నడుమకు సర్దించాడు. అప్పుడు కుదురుగా వచ్చింది. మా ఆయన గెలిచినట్టు నా వైపు చూశాడు.

అంతలో రోడ్డు మీదికి మేకల మంద వచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఆగబోయింది, ట్రాలీ ఆగనివ్వలేదు. ఎవరో వెనక నుంచి మెడపట్టి గెంటినట్టు మమ్మల్ని తోసుకుంటూ పోయింది. ఆఖరు మేక పక్కకు దూకాక గాని నిలబడలేదు. మేకలు కాసే అవ్వ మమ్మల్ని తిట్టలేదు. ట్రాలీని ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూసి వెళ్లిపోయింది.

నాకు మేం పోవలసిన దారిలో భూపాలపల్లి దాటిన తర్వాత వచ్చే అడవి రోడ్డు గుర్తొచ్చింది. ఒక దిగుడు, దిగుడు చివర మలుపు, ఎదురుగా ఇసుక లారీ. డీసీఎం మాట్లాడుదాం అన్నాను. "ఏం గాదే, మెల్లగ పోత" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా అదే మాట.

సాయంత్రం నేను నావీ మా బిడ్డవీ బట్టలు సర్దుతుంటే వచ్చి, నా మొహం చూడకుండా అన్నాడు: "రేపు నువ్వు, బిడ్డ బస్సుల రండ్రి."

"ఎందుకు?"

"కార్ల సామాన్లుంటయి. ఇరుకైతది."

బయటికి పోయి కారు అద్దంలోంచి చూశాను. ఒక సీటు మీద ఆయన తువ్వాల ఉంది. మిగతా సీట్లన్నీ ఖాళీ.

ఇన్ని రోజులూ నేను బావగారిని అనుమానించాను, వెల్డింగ్ ఆయన్ను అనుమానించాను, కొక్కేన్నీ ట్రాలీనీ అనుమానించాను. ఏం గాదు, ఏం గాదు అంటున్న ఈ మనిషికే ఆ మాట మీద నమ్మకం లేదని మాత్రం నాకు తట్టలేదు. మమ్మల్ని బస్సెక్కించాలన్నంత భయం ఉంది. అంత భయం పెట్టుకుని తాను మాత్రం పోతాడట. ముందు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

లోపలికి పోయి బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కారు ముందు తలుపు తీశాను.

"మేం గిండ్లనే వస్తం" అన్నాను. "ఎక్కు బిడ్డా."

అది ఎక్కబోయింది.

"వద్దు" అన్నాడు మా ఆయన. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఏం గాదంటివి గదా."

ఆయన ట్రాలీ పిన్ను గుంజి పక్కన పడేశాడు. పానా తెచ్చుకుని కారు వెనక కూర్చుని, కొక్కెం నట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. బిడ్డ పోయి ఆయన పక్కన నిలబడింది.

"బాపూ, మరి నువ్వొక్కనివే పోదామనుకున్నవా?" అని అడిగింది.