నడిస్తే నొప్పెట్టిన పన్ను

కోవిడ్‌కు ముందటి ఏడాది నవంబరులో నేను కెనడాలోని స్కార్‌బరోలో ఒక పళ్ల క్లినిక్‌లో డెంటల్ అసిస్టెంటుగా ఉన్నాను. నలభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు దిద్ది, తర్వాత కోర్సు చదివి ఆ ఉద్యోగంలో చేరినదాన్ని. ఉన్నదున్నట్టు రాయడమే నాకు వచ్చు.

డాక్టరు పక్కన నిలబడి నోట్లో నీళ్లు పీల్చే గొట్టం పట్టుకోవడమే మా పని అనుకుంటారు. దానికి ముందు ఇంకో పని ఉంది. పేషెంటు కుర్చీలో కూర్చోగానే బీపీ చూడాలి. గుండె జబ్బు ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని అడిగి డాక్టరుకు చెప్పాలి. పంటికిచ్చే మత్తు ఇంజెక్షనులో చాలాసార్లు అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది గుండెను పరుగెత్తిస్తుంది. గుండె జబ్బుంటే మోతాదు తగ్గిస్తారు, ఒక్కోసారి పనే వాయిదా వేస్తారు.

రాఘవయ్య గారిది ఖమ్మం వైపు. కూతురు సునీత దగ్గర ఉండేవారు. కింది ఎడమ దవడ పన్ను పుచ్చి విరిగింది, క్యాప్ వేయాలి. గుండె సంగతి అడిగాను.

"గుండెకేం రోగమమ్మా, రాయి లెక్క ఉంది! గ్యాసొక్కటే సతాయిస్తది. ఈ గోలీలు దానికే" అని జేబులోంచి తీసి చూపించారు.

అవి గ్యాసు మాత్రలు కావు. నేను నోరు తెరిచేలోగా సునీత సైగ చేసి నన్ను బయటికి పిలిచింది.

"ఆంటీ, గుండె రక్తనాళాలు సన్నబడ్డాయన్నారు. నాన్నకు చెప్పలేదు. తెలిస్తే ఆ భయంతోనే పోతాడు. ప్లీజ్, మీరేం అనకండి."

మనవాళ్లలో ఇది కొత్తేం కాదు. జబ్బు పేరు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, జబ్బుపడ్డ మనిషికి తప్ప.

మా డాక్టరమ్మ పంజాబీ ఆవిడ. నా దగ్గర సంగతి విని మెత్తగానే, కానీ గట్టిగా చెప్పింది: ఆయన ఒంటి సంగతి ఆయనకు తెలియాలి, గుండె డాక్టరు సరేనని రాసివ్వాలి, అప్పటిదాకా క్యాప్ పని మొదలుపెట్టను అని. ఆయనకు తెలుగులో నేనే చెబుతానన్నాను. సునీత నా చేతులు పట్టుకుంది.

"ఆదివారం మా పాప బర్త్‌డే. అదొక్కటి కానివ్వండి ఆంటీ, నేనే చెప్తా."

డాక్టరమ్మ ఒప్పుకుంది. తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపింది.

ఆ ఆదివారం రాకముందే, శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ చేశారు. "అమ్మా, మీరు పెట్టిన సిమెంటు మంచిగ లేదు. దవడ గుంజుతాంది."

నమిలితేనా అని అడిగాను.

"నమిలితే ఏం లేదు. బస్టాపు దాక నడిస్తే గుంజుతది, కూసుంటే తగ్గుతది. ఇయ్యాల కూసున్నా తగ్గుతలేదు. చెమటలు పోస్తున్నయి."

పంటి నొప్పికి నడకతో పని లేదు. గుండె నొప్పి దవడలోకి పాకవచ్చని మాకు ట్రైనింగులోనే నేర్పుతారు. వెంటనే అంబులెన్సుకు, 911కి, ఫోన్ చేయమన్నాను.

"పంటికి అంబులెన్సా? నవ్వుతరమ్మా!"

"పన్ను కాదండీ, గుండె" అన్నాను సూటిగా.

"గుండె జబ్బుంటే మా సునీత నాకు చెప్పదా?" అని పెట్టేశారు.

అంబులెన్సుకు మేమే ఫోన్ చేసి అడ్రస్ ఇచ్చాం. వాళ్లు వెళ్లేసరికి ఆయన సోఫా పక్కన పడి ఉన్నారట. నోట్లో, ఎడమ దవడకింద, లవంగం ఉందట. ఆసుపత్రిలో ప్రాణం నిలవలేదు.

కొన్నాళ్లకు సునీత క్లినిక్‌కు వచ్చింది. "భయపడతాడనే చెప్పలేదు ఆంటీ" అంది.

"భయపడి ఉంటే ఆ ఫోన్ నాకు కాదమ్మా, అంబులెన్సుకు చేసేవారు" అన్నాను. ఆ మాట కటువే. డాక్టరమ్మ తర్వాత నన్ను పిలిచి మందలించింది కూడా. కానీ అబద్ధం ఆయన్ను ఎంత దూరం తీసుకెళ్లిందో ఆ పిల్ల అప్పటికే చూసింది. నేను ఇంకో అబద్ధం కలపదలచుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పెద్దవాళ్లు ఎవరు వచ్చినా గుండె ప్రశ్నను వాళ్లనూ పిల్లలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగాను. చాలామంది నన్ను మోటుమనిషి అన్నారు. జబ్బు సంగతి డాక్టరుకు తెలిస్తే పంటి పని జాగ్రత్తగా జరుగుతుంది, అంతవరకే. కుర్చీ దిగి ఇంటికి పోయాక, నొప్పి వచ్చిన వేళ అక్కడ ఉండేది ఆ మనిషి ఒక్కడే. తెలియాల్సింది ముందు ఆయనకే.