ఓబుళక్క ఇనుప దండ

కిరసనాయిలు, తుప్పు కలిసిన వాసన తగిలితే నాకు మల్లెపూలు గుర్తుకొస్తాయి. వినేవాళ్ళకు విడ్డూరంగానే ఉంటుంది. ఈ ఉదయం ఒకమ్మాయి వాళ్ళ అవ్వ వాడిన కుట్టుమిషను తెచ్చి బాగుచెయ్యమని నా ముందు పెట్టింది. బిగుసుకుపోయిన మర మీద నాలుగు చుక్కలు వేశానో లేదో ఆ వాసన గుప్పుమంది, దాని వెంటే ఓబుళక్క జ్ఞాపకం వచ్చి కూర్చుంది. సోమందేపల్లెలో మా పక్కింటామె. బస్టాండులో పూలమ్మేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. గోడకు అటువైపు ఆమె నవ్విందంటే ఇటువైపు నా మిషను మీద కుట్టు వంకర పోయేది. నాకు కుట్టుపని నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు. చెడిపోయిన పని ముందు ఎట్లా కూర్చోవాలో నేర్పింది మాత్రం ఆమే.

హైవే మీద వంతెన లేచాక చాలా బస్సులు ఊళ్ళోకి దిగకుండా పైనుంచి పైనే పోవడం మొదలుపెట్టాయి. బస్సు ఆగకపోతే పూలెవరు కొంటారు? సాయంత్రానికి బండి మీద సగం దండలు వాడి మిగిలేవి. మడకశిర దగ్గర గొర్రెలు పెంచుకునే తమ్ముడు నర్సింహులు వచ్చినప్పుడల్లా "ఇంగ చాల్లేక్కా, మూట కట్టు, మా ఇంటికి పోదాం" అనేవాడు. మంచివాడే. అక్కంటే ప్రాణం. కానీ ఆ ప్రేమంతా హుకుంలాగే ఉండేది. ఒకరోజు నా గడప మీద కూర్చుని ఓబుళక్క మెల్లగా చెప్పింది. ఆమె మెల్లగా మాట్లాడడం నేను విన్నది అప్పుడే. "ఆడ బువ్వకేం తక్కువుండదు శాంతా. కానీ ఆ ఇంట్లో నాదనేది ఏముంటాది? నన్నడక్కుండానే నాకు కోక కొంటారు."

ఆ వారంలోనే ఆమె పూలబండి మీద ఒక ఇనుప పెట్టెను తోసుకుంటూ వచ్చింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చేసిన దాబాలోదట, గ్యాసు మీద కోళ్ళు కాల్చే పాత గ్రిల్లు. బాషా గుజిరీ అంగడిలో పాత సామాన్ల మధ్య పడి ఉంటే బేరమాడి తెచ్చింది. మూత ఎత్తితే లోపలనుంచి బల్లి దూకింది. కాళ్ళు తుప్పు, మరలు తుప్పు, మంట వచ్చే గొట్టం నిండా మట్టి. వంతెన కింద అంగడి పెట్టి కోడి కాల్చి అమ్ముతానంది. నర్సింహులు దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఏమక్కా, ఇది పొయ్యా, ఎలుకల బోనా?" అన్నాడు. ఓబుళక్కకు రోషం పొడుచుకొచ్చింది. "ఉగాది మర్నాడు దీని మీదనే నీకు కోడి కాల్చి పెడతా. అంటుకోకపోతే మూట కట్టుకుని నీ వెనకాలే వస్తా. పో!" ఉగాది మరునాడు మా వైపు ఇంటింటా మాంసం వండుకుంటారు, అందుకే ఆ గడువు. మాట అనేసి లోపలికొచ్చాక "అనేస్తి కదమ్మే" అని నా చెయ్యి పట్టుకుంది.

మిషను నూనె, స్క్రూడ్రైవరు నావి, మొండితనం ఆమెది. కిరసనాయిలు తడిపిన గుడ్డలు మరలకు చుట్టి ఒక పూట వదిలేశాం. మొదటి బోల్టు కీచుమని కదిలినప్పుడు ఆమె దానికి దిష్టి తీసింది. నేను దాన్ని పళ్ళెంలో వేయబోతే కసిరింది. "పళ్ళెంలో పోస్తే ఏది యాడిదో ఎవరికి తెలుస్తాది? దారం తే." అప్పుడు చూడాలి ఆమె వేళ్ళు. ఊడదీసిన ప్రతి బోల్టునూ నట్టునూ కనకాంబరాలు కట్టినట్టు ముడివేసి దారానికి కడుతూ పోయింది. "విప్పిన వరస దండలోనే ఉండాది. కడాన కట్టిందాన్ని ముందు బిగియ్యల్ల. అంతే కదా!" మూతకొక దండ, కాళ్ళకొక దండ, గొట్టానికొకటి. గోడకు వేలాడే ఆ ఇనుప దండల్ని చూసి వీధిలో వాళ్ళు ఏ దేవుడికని అడిగితే "మా గ్యాసు సామికి" అనేది. గొట్టంలోని మట్టంతా కందిరీగలు కట్టిన గూడే. దాన్ని చీపురుపుల్లతో పొడిచి పొడిచి తీశాం. కమ్మీలను చింతపండు నీళ్ళలో నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమి, మా బోరు నీళ్ళు తెల్లగా ఉప్పు పేరుస్తాయని వెంటనే గుడ్డతో తుడిచేశాం. గ్యాసు రబ్బరు గొట్టం మాత్రం కొత్తది కొన్నది, అక్కడ పాతదానితో పంతాలు లేవంది.

దండలు విప్పుకుంటూ అన్నీ మళ్ళీ బిగించాం. పండగ ముందురోజు నేను జాకెట్ల పనిలో మునిగి అటు పోలేదు. మా ఊళ్ళో ఉగాదికి గోడలకు సున్నం, ఇనుముకు వెండిరంగు వేయడం అలవాటు. గేటు, ట్రంకు పెట్టె, బండి, ఏదీ వదలరు. ఓబుళక్క కూడా తన గ్రిల్లును వదల్లేదు. బయటా లోపలా, కోడి పెట్టే కమ్మీలకూ, మంట వచ్చే గొట్టానికీ కూడా వేసేసింది. ఉగాది మధ్యాహ్నం నర్సింహులు ఖాళీ సంచితో దిగాడు. సిలిండరు బిగించి, సబ్బు నురుగు పూసి ఎక్కడా బుడగ రావడం లేదని చూసుకుని, రేపటికి ముందు ఒకసారి వెలిగించి చూద్దామని ఆమె అగ్గిపుల్ల గీసింది. పసుపుపచ్చ మంట ఒకటి లేచి, రంగు బుడబుడమని పొంగి, పొగ కమ్ముకుని, ఆ కంపుకు వీధిలో కుక్క కూడా లేచి పోయింది. సన్న రంధ్రాలన్నీ రంగుతో పూడిపోయాయి. మంట ఆరిపోయింది. "సంచి తెచ్చినాలే" అన్నాడు తమ్ముడు, నవ్వకుండా. నాకు ఏడుపొచ్చింది.

గ్యాసు కట్టేసి, ఓబుళక్క పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "పండగపూట దీనికి మాత్రం కొత్త గుడ్డలొద్దా అనుకుంటి. దానికి పడల్యా. శాంతా, దారం తే. విప్పుదాం." నేను "మళ్ళీ మొదట్నుంచా అక్కా?" అన్నాను. "మొదట్నుంచే. ఈసారి మరలు మన మాట వింటాయి, చూడు." నిజంగానే విన్నాయి. నూనె తాగిన బోల్టులు ఇట్టే తిరిగాయి. నర్సింహులు అరుగు మీద చాలాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ఆనక ఏమనుకున్నాడో, చొక్కా విప్పి సంచి మీద పెట్టి, ఇటుక ముక్క అందుకుని కమ్మీలకున్న రంగు గీకడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి ఓబుళక్క చెంబెడు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

మరునాడు నీలిమంట వరసగా లేచింది. చెనిక్కాయ నూనె పూసిన కమ్మీల మీద కోడి చిటపటలాడింది. నర్సింహులు తొడ ముక్క తిని, "ఉప్పు చాల్లేదు" అన్నాడు. "ఉప్పు నువ్వేసుకోరా. పొయ్యి నాది" అందామె. ఆ ఒక్క మాట కోసమే ఇంత కథా అనిపించి నాకు కడుపు నిండిపోయింది. సాయంత్రం బస్సుకు అతను ఖాళీ సంచితోనే పోయాడు. దండలో రెండు నట్లు మిగిలిపోయాయి. ఎక్కడివో ఎంత వెతికినా తెలియలేదు. "ఉండనీ, అవి లేకుండానే అంటుకునింది కదా" అని నా తాళాలకు ముడివేసింది.

వంతెన కింద ఆ పొయ్యి చాలా ఏళ్ళు మండింది. నిరుడు ఓబుళక్క పోయింది, చివరిదాకా తన ఇంట్లోనే, తన గొంతుతోనే ఉండి. తలుచుకుంటే దిగులుకంటే ముందు నవ్వొస్తుంది, అది కూడా ఆమె పెట్టిపోయిన అలవాటే. ఈరోజు మధ్యాహ్నానికి మిషను మళ్ళీ బిగించి చక్రం తిప్పితే సగంలో పట్టేసింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "గుజిరీకేస్తే పోలేదాక్కా?" అంది. తాళాలగుత్తికి ఉన్న రెండు నట్లు నా చేతికి తగిలాయి.

"దారం ఇట్లియ్యమ్మా" అన్నాను. "విప్పుదాం."