మాస్టారు కత్తిరించిన కేబుల్

మాస్టారంటే బడిపంతులు కాదు, కటింగ్ మాస్టారు. జుట్టు పూర్తిగా నెరిసేదాకా ఒకే బల్ల ముందు నిలబడి జనాల చొక్కాలు కత్తిరించాడు. ఎవరన్నా ఎదురొస్తే మొహం కన్నా ముందు భుజాలు చూస్తాడు. ఒక భుజం దిగి ఉంటే, ఆ మనిషికి తెలియకుండానే మనసులో అక్కడో ప్యాడ్ కుట్టేస్తాడు. ఇప్పుడు భుజాలే కనిపిస్తున్నాయి, మొహాలు కనిపించడం లేదు. చూపుకి సరిగ్గా నడిమధ్యన మసక కమ్మింది. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూసి, ఇక అద్దాలతో లాభం లేదని, అరచేయంత అక్షరాలుంటే మాత్రం చదువుకోగలరని చెప్పి పంపేశాడు.

ఆయన భార్యని వీధిలో అందరూ రేట్లమ్మ అనేవారు. ఆవిడ పత్రికలో పనిచేసేది. రోజూ పొద్దున్నే టోకు మార్కెట్‌కి వెళ్ళి, ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, ఒళ్ళో చిన్న కంప్యూటరు పెట్టుకుని ఆనాటి ధరలు టకటకా కొట్టి, ఫోను తీగలోంచి ఆఫీసుకి పంపేది. ఆ యంత్రం పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. దాని బూడిదరంగు తెర మీద నాలుగు ముక్కలు పడితే అదే గొప్ప. ఆవిడ రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు దాన్ని ఆవిడకే కట్టబెట్టారు. గౌరవంతో అనుకునేరు, పారేసే ఓపిక లేక. ఆ యంత్రం ఎంత చురుకో ఆవిడ నోరూ అంత చురుకు. బేరమాడకుండా ఏదన్నా కొనుక్కొచ్చాడంటే ఆ పూట మాస్టారి పని అయిపోయినట్టే.

ఆ నోరే పడిపోయింది. పక్షవాతం కుడివైపునీ మాటనీ కలిపి పట్టుకుపోయింది. బుద్ధి మాత్రం చెక్కు చెదరలేదు. ఆవిడ చెల్లెలు కొత్త టాబ్లెట్ ఒకటి తెచ్చి చేతికిచ్చింది. అద్దం మీద తాకితే చాలు అక్షరం పడిపోతుంది, వణికే వేలికి అదే పెద్ద చిక్కు. ఒకటి కొట్టబోతే మూడు పడేవి. విసుగొచ్చి దాన్ని మంచం కిందకి తోసేసి, ఎడమ చేత్తో బీరువా చూపించింది. మాస్టారు పాత కంప్యూటరు తీసిచ్చాడు. దాని మీటలు గట్టివి, నొక్కితే గానీ దిగవు. వేలు ఎంత వణికినా తప్పు పడదు. ఆ యంత్రానికి ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. వాటితోనే తన మాటలు కూర్చుకుని, 'దిండు ఎత్తు' అని కొట్టిందావిడ. ఆ ముక్క చదివి మాస్టారు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

అలా కాపురం మళ్ళీ గాడిన పడిందనుకునేలోపే ఆయన చూపు మసకబారింది. ఆ బూడిద తెర మీద బూడిద అక్షరాలు ముందుగా మాయమయ్యాయి. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అంటే, 'గుడ్డివాడివి నువ్వేం చూసుకుంటావ్' అని ఆవిణ్ణి పుట్టింటివాళ్ళు తీసుకుపోతారని భయం. అందుకని ఆవిడ ఏదో కొట్టి యంత్రాన్ని ఆయన వైపు తిప్పితే, కళ్ళు చికిలించి, తల ఊపి, తోచింది చేసేవాడు. ఒకసారి ఫ్యాను వేసేవాడు, ఒకసారి కట్టేసేవాడు, ఏదీ తోచకపోతే 'అలాగేలే' అనేవాడు. ఒళ్ళు తుడవడం, అన్నం కలిపి పెట్టడం, పక్క మార్చడం, గిన్నెలు తోమడం, వీటన్నిటి మధ్యా ఈ నటన ఒకటి. రెక్కలు పడిపోయేవి. కొన్నాళ్ళు చూసి చూసి, ఆవిడ ఒకరోజు యంత్రం మూసేసి గోడవైపు తిరిగింది. ఇక ముట్టుకోలేదు.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి చూసి, "ఈ చెయ్యి కూడా వాడకపోతే బిగుసుకుపోతుంది మాస్టారూ. అప్పుడు ఆవిడ మీతో ఏమీ చెప్పలేరు" అంది.

ఆ మాటతో ఆయన ఇక దాచదలచుకోలేదు. మరదలు వచ్చినప్పుడు వంటింట్లోకి పిలిచి, "మీ అక్క కొట్టింది నాకు కనపడటం లేదమ్మా. చాన్నాళ్ళయింది" అన్నాడు.

"అయ్యో బావా! మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావ్?"

"అలాగేలే, అలాగేలే అంటూ."

మరదలు నవ్వబోయి ఏడ్చింది. మర్నాడు తన లాప్‌టాప్ తెచ్చింది. పాతదాని మాటలు దీని తెరమీద గోరంతవి కొండంతగా కనపడితే చాలు. పాత యంత్రం వెనక వెడల్పాటి రంధ్రం ఒకటుంది. కొత్తదానికి అలాంటిది లేదు. వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్తే, ఆయన ఒక కేబులూ, కొత్తదానికి పట్టేలా దాని చివర తగిలించే చిన్న బిళ్ళా వెతికి తీశాడు. కేబుల్‌ని నడిమధ్య కోసి, లోపలి తీగల్లో రెంటిని అటుదిటూ ఇటుదటూ మార్చి కలిపి, టేపు చుట్టాడు.

"ఇది మాట్లాడే తీగ వెళ్ళి అది వినే తీగకి తగలాలి మాస్టారూ. లేకపోతే రెండూ నోరు నోరు పెట్టుకుని కూర్చుంటాయి, వినేదెవరు?" అని వివరంగా చెప్పాడు.

మాస్టారు ఊఁ అన్నాడు. అప్పటికి వినకుండా ఊఁ కొట్టడం అలవాటైపోయింది. పైగా నిలబడలేక కాళ్ళు లాగుతున్నాయి.

ఇంటికొచ్చి కేబుల్‌ని మంచం మీద పరిచి చేత్తో తడిమి చూశాడు. మంచానికీ బల్లకీ మధ్య జానెడు దూరం, కేబులేమో బారెడు. పైగా నడుమ టేపు చుట్టిన ఇంత ఉండ. బతుకంతా మడతలూ ఉబ్బులూ సాపు చేసిన చెయ్యి, ఊరుకుంటుందా? కిటికీ వెలుగులో కూర్చుని, ఉండకి అటూ ఇటూ కత్తెర వేసి కోసి అవతల పారేశాడు. రంగులు ఇంకా తెలుస్తాయి ఆయనకి. పచ్చదానికి పచ్చ, తెల్లదానికి తెల్ల, ఏ రంగుకా రంగు మెలేసి, పైన సన్నగా టేపు చుట్టాడు. కుట్టు కనపడని అతుకు. చాన్నాళ్ళ తరవాత ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

సాయంత్రం రేడియో ఆయన వచ్చి అన్నీ తగిలించాడు. మరదలు అక్కని లేవదీసి దిండ్లు ఆనించింది. బతిమాలితే ఆవిడ వేలు కదిపింది. లాప్‌టాప్ తెర ఖాళీ. రేడియో ఆయన రెండువైపులా అక్షరాలు పంపే వేగం తగ్గించాడు, బిళ్ళ మార్చాడు, ఆర్పి వెలిగించాడు. ఏమీ లేదు. మంచం మీది మనిషి అందర్నీ ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు మళ్ళీ గోడవైపు తిరిగిందంటే ఇంకోసారి బతిమాలే సత్తువ మాస్టారికి లేదు.

రేడియో ఆయన కేబుల్ పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ వచ్చి ఆగాడు. "ఇక్కడో ఉండ ఉండాలే, ఏది?"

"వికారంగా ఉందని తీసేశా. రంగుకి రంగు శుభ్రంగా కలిపా."

"ఓరి దేవుడా! నేను పొద్దున్న చేసిన పనంతా ఆ ఉండలోనే ఉంది కదయ్యా! ఇదేమన్నా లాగూనా, ఆల్టరేషన్ చెయ్యడానికి?"

మరదలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు తల దించుకున్నాడు. రేడియో ఆయన గొణుక్కుంటూనే అతుకు విప్పి, రెండు తీగల్నీ మళ్ళీ అటూఇటూ మార్చి, ఈసారి కావాలనే లావుగా టేపు చుట్టాడు.

"అక్కా, ఒక్కసారి. నా కోసం" అంది మరదలు.

ఆవిడ కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. వేలు మీట మీదికి వచ్చింది. తెరమీద ఒక అక్షరం పడింది, నల్లగా, అరచేయంత. మాస్టారు ముందుకి వంగాడు. దాని పక్కన ఇంకోటి. కూడబలుక్కుని చదివాడు.

'చొక్కా తిరగేసి తొడుక్కున్నావ్.'

చూసుకుంటే నిజమే. కుట్లన్నీ పైకే ఉన్నాయి. రేడియో ఆయన పగలబడి నవ్వి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. మరదలు ఆయన్ని సాగనంపడానికి గుమ్మందాకా వెళ్ళింది. గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. వేలు మళ్ళీ కదిలింది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ కొట్టింది.

'నీకు కనపడటం లేదని తెలుసు. రోజూ ఒకటే అడిగా.'

"ఏమడిగావే?"

'అలిసిపోయావా అని.'

తను దానికి ఎన్నిసార్లు ఫ్యాను వేశాడో, ఎన్నిసార్లు కట్టేశాడో మాస్టారికి గుర్తొచ్చి సిగ్గేసింది. "అబ్బే, నాకేమిటి, రాయిలా ఉన్నా" అన్నాడు. ఆవిడ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. మొహం కనపడకపోయినా, చూస్తోందని ఆయనకి తెలుసు.

"అలిసిపోయానే" అన్నాడు చివరికి. "చచ్చేంత అలిసిపోయా."

తెరమీద ఒక్కొక్క అక్షరమే వచ్చి పడింది.

'నేనూ.'

మాస్టారు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, తిరగేసిన చొక్కాతోనే కూర్చున్నాడు.