తల దొరకని రాక్షసబల్లి

నా చిన్నప్పుడు మా ఇంటి దసరా బొమ్మల కొలువులో ఒక ఏడాది తల లేని జంతువు నిలబడింది. కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్ బజారులో మాది చిల్లర అంగడి. గనులు సర్కారు చేతికి వచ్చాక పుట్టినదాన్ని నేను. మా వీధి మొత్తానికి కొలువు పెట్టేది మేమే కాబట్టి ఆ రోజుల్లో నా గొప్పలు ఇన్నీ అన్నీ కావు.

పక్కింటి అక్క మద్రాసులో రాళ్ల చదువు చదివేది. గనిలో రాతి దుమ్ము పీల్చి పీల్చి వాళ్ల నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ దసరాకు ఇంటికి వచ్చిన అక్క, తమిళనాట అరియలూరు దగ్గర తవ్వకాల్లో తమకు ఒక రాక్షసబల్లి ఎముకలు దొరికాయని చెప్పింది. ఏనుగుకన్నా పెద్దదట, అయినా ఆకులే తినేదట. తొడ ఎముక, కొన్ని వెన్నుపూసలు, అంతే దొరికాయి. నేను ఊరుకుంటానా? కొలువుకు ఆ బొమ్మ కావాల్సిందేనని పట్టుబట్టాను.

అక్క మట్టితో కాళ్లు, ఒళ్లు చేసింది. మెడ, తోక దాని చుట్టాలను బట్టి ఊహించానంది. తల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆవు తలైనా సరే పెట్టమని గునిశాను.

"తలకాయలు ఒక్కోదానికి ఒక్కో తీరు పాపా. చూడనిదాన్ని చూసినట్టు ఎట్ల పెట్టేది? పండగ కాగానే మళ్లా తవ్వేదానికి పోతాను. దొరికినాక నేనే వచ్చి పెడతాను" అంది అక్క.

మా అమ్మ ఒప్పుకోలేదు. విరిగిన బొమ్మ కొలువులో ఉండకూడదని మాలో పట్టింపు. చెయ్యి విరిగిందని కృష్ణుణ్ణే బావిలో వదిలిన ఇల్లు మాది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు మా అవ్వ బొమ్మను చేతిలోకి తీసుకుని మెడ తడిమి చూసింది.

"ఇది విరిగింది కాదు గదమ్మా. ఇంగా పూర్తి కాలేదు, అంతే. రాబోయే తలకాయకు చోటు పెట్టుకోని ఉండాది. పెట్టు" అంది.

వచ్చినవాళ్లంతా తల ఏదని అడిగితే, ఇంకా దొరకలేదని నేనే ముందుకొచ్చి చెప్పేదాన్ని. తెలియదని చెప్పడంలోనూ ఒక దర్జా ఉందని అప్పుడే తెలిసింది.

పండగ అయింది. అక్క పెట్టె సర్దుకుంది కూడా. అంతలో వాళ్ల నాన్న ఆయాసం ఎక్కువై మంచం పట్టాడు. చూసుకోవడానికి మరో మనిషి లేదు. ఈ నెల, వచ్చే నెల అంటూనే ఏడాది గడిచిపోయింది. అక్క ఇక్కడి బడిలోనే లెక్కలు చెప్పడానికి కుదురుకుంది.

మరుసటి దసరాకు మేము అటక మీంచి బొమ్మలు దింపుతుంటే అక్క వచ్చింది. ఎవరూ అడగకుండానే మట్టి కలిపి, పుల్ల గుచ్చి, ఆ మెడకు ఒక తల అతికించింది. ముద్దుగానే ఉంది. దొరికిందా అక్కా అని సంబరపడిపోయాను.

"ఇంగ దొరకదులే పాపా" అంది, నా వైపు చూడకుండా.

మా అవ్వ అక్క వీపు నిమిరి లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ తలకు పసుపు కుంకుమ పెట్టి వీధంతా చూపించుకున్నాను. అక్క ఆ రోజు దేన్ని వదులుకుందో నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. ఎవరైనా పని సగంలో ఆపి ఎదురుచూస్తుంటే, త్వరగా కానివ్వమని అనడానికి నాకు నోరు రాదు.