శుభాకర్ లేకపోతే ఆగిపోయే బెల్టు

శుభాకర్ ఒంట్లో అన్నీ బాగానే ఉండేవి, ఒక్క ముక్కు తప్ప. చల్లగాలి తగిలితే చాలు, కొళాయి విప్పినట్టు కారేది. మల్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి రిఫైనరీ పొగ ఏనాడూ ఏమీ చేయలేకపోయింది గానీ, ఏసీ గాలి మాత్రం పది నిమిషాల్లో పడగొట్టేసేది. ఈ ముక్కు వల్లే అతని పెళ్ళి రెండుసార్లు ఆగిపోయింది. నమ్మనివాళ్ళు నమ్మకపోనీ, జరిగింది మాత్రం ఇదే.

ఎనభై ఆరులో అతను హార్బరు పక్కన ఓడల్లోకి ఖనిజం ఎత్తే ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. ఖనిజం మోసే పొడుగాటి బెల్టును నడపడానికి ఆ ఏడే బొంబాయి నుంచి ఒక కంట్రోలర్‌ను తెప్పించారు. బీరువా అంత ఉండే ఆ బూడిదరంగు పెట్టెను అందరూ కంప్యూటర్ అనేవారు. దానికోసం ఒక గది కట్టి, గదికి ఏసీ పెట్టి, ఏసీ పక్కన 'దీనిని ఆపినవారిపై చర్య తీసుకోబడును' అని బోర్డు కొట్టారు. బోర్డు కింద సంతకం ఇంజనీరు భీమశంకరరావుది. మనుషులు ఎండలో మాడిపోతుంటే ఇనప్పెట్టెకు ఏసీ ఏమిటని అడిగే మొనగాడు ఆ కంపెనీలో లేడు.

బెల్టు తిరిగేది పగటిపూటే, ఆ గదిలో డ్యూటీ శుభాకర్‌దే. డ్యూటీలోకి రాగానే అతను చేసే మొదటి పని ఆ ఏసీని ఆపేయడం. రెండో పని కిటికీ తెరవడం. బయట అడుగుల చప్పుడైతే కిటికీ మూసేసి, ఏమీ ఎరగనట్టు మీటరు పట్టుకుని నిలబడేవాడు.

కొన్నాళ్ళకు కంప్యూటర్ ఆదివారాలు మొరాయించడం మొదలెట్టింది. ఆదివారం శుభాకర్ చర్చిలో ఉంటాడు, డ్యూటీకి అతని బదులు తాతబాబు వస్తాడు. బాగా నడుస్తున్న బెల్టు ఉన్నట్టుండి ఆగేది. పెట్టె మీది దీపాలన్నీ ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మొత్తం మొదటికొచ్చేది.

"ఇది కిరస్తానీ కంప్యూటర్రా బావా, ఆదివారం పని సెయ్యదు" అని తాతబాబు తేల్చేశాడు.

తర్వాత ఒక బుధవారం శుభాకర్ జ్వరమొచ్చి సెలవు పెడితే, బుధవారం కూడా ఆగింది. దాంతో భీమశంకరరావుకు జ్ఞానోదయమైంది. యంత్రం పట్టుకున్నది వారాన్ని కాదు, మనిషిని! బొంబాయి నుంచి నిపుణుణ్ణి పిలిపించారు. ఆయనకు సాయంగా శుభాకర్‌నే వేశారు. ఇంకేముంది, మూడు రోజులూ బెల్టు బ్రహ్మాండంగా తిరిగింది. మీ ఊళ్ళో ఉక్కపోత తప్ప లోపమేమీ లేదని రాసిచ్చి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి శుభాకర్‌కు సెలవులు బంద్. అప్పటికే మేనమామ ఫ్రాన్సిస్ కూతురు ప్రేమలీలతో అతని పెళ్ళి కుదిరి, చర్చిలో ప్రకటన కూడా అయిపోయింది. పెళ్ళిరోజు ఒక్క పూటకని బతిమాలుకుని వస్తే, ఉంగరాలు మార్చుకునేలోపే కంపెనీ జీపు వచ్చి పెళ్ళికొడుకును సూటుతో సహా ఎత్తుకుపోయింది. రెండోసారి భీమశంకరరావు తెలివిగా శుభాకర్ ఫొటో పెద్దది చేయించి కంప్యూటర్‌కు ఎదురుగా తగిలించాడు. తాతబాబు భక్తితో దానికి దండ కూడా వేశాడు. యంత్రం మోసపోలేదు. జీపు మళ్ళీ వచ్చింది.

"మూడోసారి గానీ ఆగిందా, పిల్లని ఏరే ఇంటికిచ్చెత్తాను" అన్నాడు ఫ్రాన్సిస్. ఆ మాటతో శుభాకర్‌కు అన్నం సయించడం మానేసింది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లే తన పెళ్ళామని అనుకుంటూ పెరిగినవాడు మరి.

ప్రేమలీల ఆసుపత్రిలో నర్సు. రోగిని అడిగినట్టే అతన్ని కూర్చోబెట్టి అడిగింది.

"డ్యూటీలోకి ఎల్లగానే నువ్వు సేసీది, తాతబాబు సెయ్యనిది ఏటి? దాచకుండా సెప్పు బావా."

"ఏటీ నేదు... ఏసీ ఆపెత్తాను. నా ముక్కు సంగతి నీకు తెల్దా?"

"మరి ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ సెప్పలేదేం?"

"సెప్తే నా ఉజ్జోగం పోదా?"

మర్నాడు శుభాకర్ గదిలోకి వెళ్ళి, కంప్యూటర్‌కు కరెంటు వచ్చే తీగలకు మీటరు తగిలించాడు. ముల్లు రెండువందల పది వోల్టుల దగ్గర నిలబడింది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఏసీ వేశాడు. ఏసీ గుర్రుమంది, ముల్లు నూట యాభైకి పడిపోయి క్షణంలో లేచింది. ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆరి వెలిగింది, బయట బెల్టు ఆగిపోయింది. రెండూ ఒకే లైను మీద ఉన్నాయి. గది చల్లబడగానే ఆగిన ఏసీ మళ్ళీ మొదలైన ప్రతిసారీ కరెంటునంతా లాగేసుకుంటోంది. యంత్రం సుఖం కోసం పెట్టిన ఏసీయే యంత్రం పీక నొక్కుతోంది! నమ్మకం కుదరక ఇంకోసారి వేసి చూస్తుంటే తలుపు తెరుచుకుంది.

"నువ్వుండగా కూడా ఆగిపోయిందా!" అంటూ భీమశంకరరావు కుర్చీలో కూలబడ్డాడు.

ఇక దాచి లాభం లేదని శుభాకర్ ముక్కుతో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. ఆయన సంతోషిస్తాడనుకున్నాడు, పాపం. రెండు రోజుల్లో మెమో చేతికొచ్చింది: 'గత ఏడు నెలలలో నూట నలభై రెండు దినములు యంత్రము ఆగకుండా నడుచుటకు మీరే కారకులని విచారణలో తేలినది. ఇందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' అతను 'జలుబు' అని ఒక్క ముక్క రాసిచ్చాడు. పది రోజులు సస్పెండ్ చేశారు.

సస్పెన్షన్ ఆర్డరు చదివి శుభాకర్ ఎగిరి గంతేశాడు. ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడినా దొరకని సెలవు అది. సస్పెండైనవాణ్ణి గేటులోకి రానివ్వకూడదని రూలు, కాబట్టి జీపు రాదు. శనివారం ముహూర్తం పెట్టేశారు. అయితే బెల్టు మళ్ళీ ఆగితే సస్పెన్షన్ ఎత్తేయడం భీమశంకరరావుకు ఒక్క సంతకం పని. ఆ భయం మాత్రం ఇంటిల్లిపాదినీ వదల్లేదు.

శనివారం చర్చి నిండింది. ప్రార్థన మధ్యలో భీమశంకరరావు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఫ్రాన్సిస్ ముఖం పాలిపోయింది. పాస్టరు అయ్యగారు అలవాటు ప్రకారం, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలని అడిగారు.

భీమశంకరరావు లేచి నిలబడ్డాడు. అయ్యగారు తననే అడిగారనుకున్నాడు ఆయన. రెండుసార్లు ఆపిన మనిషికి అలా అనిపించడంలో వింతేముంది?

"మా కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదండీ. ఏసీకి వేరే లైను వేయించాను. నాలుగు రోజులైంది, బెల్టు ఒక్కసారీ ఆగలేదు" అని చెప్పి కూర్చున్నాడు.

అందరూ నవ్వేశారు. శుభాకర్‌కు మాత్రం నవ్వు రాలేదు. తనకోసం జీపులు పరిగెత్తిన రోజులు ఇక రావని అతనికి అప్పుడే తెలిసొచ్చింది. పెళ్ళికూతురి వైపు వీపు పెట్టి ముందు వరసకేసి తిరిగాడు.

"నాను నేకపోయినా... ఒక్కసారైనా ఆగనేదా సార్?"

"నాను ఆగాను కదా, రెండుసార్లు" అంది ప్రేమలీల ముసుగులోంచి. "ఇటు తిరుగు బావా."