అమ్మమ్మ మోకాల్లోతు

బరంపురం లంజిపల్లిలో మా ఇంట పొద్దున్నే కాఫీ వాసన కంటే ముందు మోకాళ్ల తైలం వాసన లేస్తుంది. నాకు నొప్పి కుడివైపు మాత్రమే, అయినా పొరుగావిడ "మోకాళ్ల నొప్పులా?" అనే అడుగుతుంది, మోకాలికి ఏకవచనం ఉంది గాని దాని నొప్పికి లేదు. మోకాలూ మోచెయ్యీ ఒక కడుపున పుట్టిన మాటలనీ, గుడ్డ కొలిచే మూర కూడా వాటికి దగ్గర చుట్టమేననీ ఎక్కడో చదివి, మడవలేని కాలికి ఈమాత్రం వంశగౌరవమైనా దక్కిందని సంబరపడ్డాను. మోకాలన్న మాట నిజంగా కొలతగా బతికిన చోటు, సముద్రపొడ్డున మా అమ్మమ్మ ఊరు రామయ్యపట్నం.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో, మోకాలికి బడిలో నేర్చిన ఒడియా మాట 'ఆంఠు'ని బరంపురంలోనే వదిలేసి, దాన్ని 'మోకాలు' అనే అమ్మమ్మ ఊరు చేరేదాన్ని. అక్కడ సముద్రాన్ని ఒంటితోనే కొలిచేవారు: పిక్కలోతు, మోకాల్లోతు, మొలలోతు, పీకల్లోతు. ఎండుచేపల వాసన పట్టిన తాటాకు పాకలు, పళ్లకింద ఇసుక కరకరలాడే చద్దన్నం, ఉప్పుగాలికి బిరుసెక్కిన జడలు, తెల్లవారేసరికి ఒడ్డునుంచి పెద్దవల లాగేవాళ్ల హైలెస్సా. నీళ్లలో దిగి తాడు పట్టినవాళ్లందరికీ, పిల్లలకైనా సరే, చేపల్లో వాటా ఉండేది. నా పేరున ఒక దోసెడు కవళ్ల చేపలు రావాలని నా ఆశ. తాతని సముద్రం తీసుకుపోయిన నాటినుంచి తన కాలికి అల తగలనివ్వని అమ్మమ్మ నన్నూ పొడి ఇసుకలోనే నిలబెట్టేది.

"లంజిపల్లి దొరసానిగారూ, పొడికాళ్లకి వాటా నేదండోయ్!" అని మామయ్య తాడు లాగుతూనే ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు ఏడుపు ఆగక, "మోకాల్లోతేనే అమ్మమ్మా, అది దాటి ఎల్లను" అన్నాను.

"ఎవులి మోకాలే? నీదా, నాదా?"

"నీదే."

"నాదైతే నాను రావద్దేటి మరి?"

అమ్మమ్మ చీర ఎగ్గట్టి, నా గౌను బొందు గుప్పిట బిగించి, నీళ్లలోకి నడిచింది. నీళ్లు తన మోకాలికీ, నా నడుముకీ వచ్చిన చోట ఆగి, "సూడు, ఇక్కడికే. ఇది దాటినావంటే నీతో మాటాడను" అంది. అన్నది నాతో కాదు, సముద్రంతో.

ఆ మధ్యాహ్నం, తాడు పట్టినందుకు నా వాటాకొచ్చిన కవళ్లని వేరే దాకలో పులుసు పెట్టి, "పిల్ల కష్టంరా" అంటూ ఇంటిల్లిపాదికీ వడ్డించింది. కష్టపడ్డ పిల్లకి తోక మిగిలింది.

మొన్న వెళితే పాకల వరుస లేదు, పెద్దవల లాగేంత ఒడ్డూ లేదు. కెరటాలు వీధికి వీధినే కోసుకుపోయాయి. అమ్మమ్మ పోయి చాలాకాలమైంది. ఆ రోజు మేం నిలబడ్డ చోటు ఎక్కడని ముసలి మామయ్యని అడిగితే, దూరంగా పడవలు ఊగుతున్న వైపు చెయ్యి చూపించాడు.

"ఎంత లోతుంటది మావా?"

"అక్కడ మనిసి అందడే, పిల్లా."